కాటా

ఆదివారం పొద్దున మిషను మీద గుడ్డ కప్పేసి
చాప పరుస్తాను.
చుట్టుగుంట సందులో, మేడమెట్ల కింద నా కొట్టు.
పదకొండు మంది పిల్లలు, పదకొండు రకాల తుమ్ములు.
యార్డుకి టిక్కీలు దిగే రోజుల్లో
మా గుంటూరు గాలిని పీల్చడం కాదు, నమలాలి.

నీతి చెప్పమని పిల్లలెవరూ అడగరు.
కథ చెప్పమంటారు.
నీతి సంగతి వాళ్ళ అమ్మలది.
"కాస్త బుద్ధులు నేర్పు వదినా" అని
జాకెట్టు గుడ్డతో పాటు పిల్లల్నీ ఇచ్చిపోతారు,
రెండూ ఒంటికి పట్టేట్టు కుట్టిమ్మన్నట్టు.

ఆ వారం పావురం కథ.
డేగ తరిమితే రాజు ఒళ్ళో వచ్చి పడింది.
"నా తిండి నాకియ్యి" అంది డేగ. అదీ న్యాయమే.
పావురమెత్తు మాంసం నా తొడలోంచి ఇస్తానన్నాడు రాజు.
త్రాసు తెప్పించాడు.
కోసి వేశాడు. పావురం వైపే మొగ్గింది.
ఇంకా కోశాడు. ఇంకా మొగ్గింది.
చెన్నకేశవ నోట్లో వేలు పెట్టుకున్నాడు.
చివరికి రాజే లేచి తట్టలో కూచోబోతుంటే

"కాటా ఎవరిది?"
అంది మోక్షిత.
యార్డులో కాటా వేసే అంకమ్మరావు కూతురు,
మూడో తరగతి, ముందు పళ్ళు రెండూ లేవు.
"ముందు ఖాళీ కాటా చూశారా? సున్నా ఉందా?
మా నాన్న..."
అని ఆగిపోయింది.

ఈ కథ మా నాయనమ్మ నాకు చెప్పింది.
ఆమెకెవరు చెప్పారో.
ఇన్ని నోళ్ళు మారినా
త్రాసుని అనుమానించిన వాళ్ళు లేరు.
దేవతలు పెట్టిన పరీక్షమ్మా, అందుకే మొగ్గింది అన్నాను.
"అయితే దేవుళ్ళు కాటాలో మోసం చేశారా?"
పిల్లలు గొల్లుమన్నారు.
నేను మరమరాలు పంచి పంపేశాను.

బుధవారం అంకమ్మరావు వచ్చాడు,
భుజాన మిరప దుమ్ము, ఎర్రటి కళ్ళు.
"ఏం చెప్పావక్కా మా దానికి?
బడి వదలంగానే వచ్చి కాటా పక్కన నిలబడుద్ది.
ఏమనదు. అంకెలు చూస్తది, నన్ను చూస్తది.
నిన్నొక రైతు, ముప్పై టిక్కీలు.
తరుగు రాయబోతే చెయ్యాడలా."
తిట్టడానికొచ్చాడో, చెప్పుకోడానికొచ్చాడో
అతనికే తెలిసినట్టు లేదు.
"సేటు ఊరుకుంటాడా?" అన్నాడు.
మంచినీళ్ళు తాగి వెళ్ళాడు.

ఆ రాత్రి మిషను కింది మూట లాగాను.
"గుడ్డ సరిగ్గా సరిపోయిందమ్మా" అంటూ
ఇరవై ఆరేళ్ళు మిగుల్చుకున్నవి.
పట్టు అంచులు, చంటిపిల్ల గౌనుకి చాలే పువ్వుల వాయిలు,
దిండ్లలోకి వెళ్ళినవి వెళ్ళగా.
కత్తెర పట్టిన ప్రతివాళ్ళూ చేసేదే,
దీన్నెవరన్నా దొంగతనం అంటారా.
మూట ఎత్తి చూశాను.
తూకం మాత్రం వెయ్యలేదు.

మర్నాడు కొరిటెపాడు వెళ్ళాను,
జానెడు పసుపు పట్టు ముక్క సంచిలో పెట్టుకుని.
మాణిక్యాంబ గారు ఎగాదిగా చూసింది.
"ఈ పీలిక కోసం ఎండన పడొచ్చావా?
పోనీ వచ్చినదానివి ఈ ఫాలు పట్టుకుపో" అని
చీర చేతిలో పెట్టింది.
ముక్క తీసుకోలేదు.
తిరిగిచ్చెయ్యడం ఇంత కష్టమని
నాకు ఏ కథలోనూ చెప్పలేదు.

మళ్ళీ ఆదివారం. చాప.
మోక్షిత ముందు వరసలో, చిగుళ్ళో కొత్త పన్ను తెల్లగా.
నాకు తెలిసినవాళ్ళని తలుచుకున్నాను.
మాట కోసం ఆలిని అమ్మినవాడు,
మూడో అడుగుకి తల వంచినవాడు,
అడిగిందే చాలని బొటనవేలు కోసిచ్చిన అడివి కుర్రాడు.
ఒక్కొక్కళ్ళ కథలో ఒక్కో ప్రశ్న ఇరుక్కునుంది
పంటి సందున మిరపగింజలా.
ఇన్నేళ్ళూ నాలిక తగలకుండా చెప్పుకొచ్చాను.

"అనగనగా ఒక రాజు" అనబోయి
"అనగనగా ఒక దర్జీది" అన్నాను.

"దాని దగ్గర కత్తెరుందా?" అంది మోక్షిత.

"ఉంది," అన్నాను.
"మూట కూడా ఉంది."